గోదావరి గట్టున పత్తిబాట

చరిత్ర యనగా రాజుల కోటలు, దేవాలయములు, శాసనములు మాత్రమే యను తలంపు మనలో గాఢముగా నాటుకొని యున్నది. ఓరుగల్లు పేరు వినగానే కీర్తితోరణములును, హనుమకొండలోని వేయిస్తంభముల గుడియు, రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప దేవాలయమును మన కనులకు కట్టును. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గౌరవము లభించినప్పుడు మన మందఱము సంతోషించితిమి. అది యుచితమే. కాని యీ సీమకు ఉత్తరమున పాఱు గోదావరి గట్టునను, ఓరుగల్లు పట్టణ మధ్యమునను మఱియొక తెగ కట్టడములు పుట్టినవి, పాడైనవి. వానిని కట్టించినది దైవభక్తియు గాదు, కీర్తికాంక్షయు గాదు, పత్తి. ఒకటి మన పత్తిని సముద్రము దాటింపవలెనని పుట్టినది. రెండవది మన పత్తిని మన యూరనే వడకి నేయవలెనని పుట్టినది. మొదటి దాని రాళ్లు నేటికిని నదిలో నిలిచి యున్నవి. రెండవ దాని కట్టడములు నేలమట్టమైనవి. ఈ రెంటి కథయు చెప్పి, ఇట్టి పనిచోటుల శిథిలములను ఛాయాచిత్రములలో భద్రపఱచుట విద్యావంతుల కేల విధియో విన్నవించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

పనిచోటుల శిథిలములను చరిత్రసామగ్రిగా నెంచుట యితర దేశములలో క్రొత్తవిషయము గాదు. ఇంగ్లండులో సెవర్ను నదిమీద 1779లో పోతయినుముతో నొక వంతెన నిర్మింపబడెను. ఆ లోయలోని కొలుములు, గనులు, కార్ఖానాలు కాలక్రమమున చల్లారిపోయినవి. అయినను ఆ దేశీయులు వానిని పాడుదిబ్బలని త్రోసివేయక కాపాడుకొనిరి. 1986లో ఆ లోయయంతయు ప్రపంచ వారసత్వ స్థానమైనది. జర్మనీలో బెర్న్‌డ్ బెహెర్, హిల్లా బెహెర్ అను దంపతులు 1959 మొదలుకొని కొన్ని దశాబ్దములపాటు గనులయొద్ది గోపురములను, ఉక్కుకొలుములను, నీటితొట్లను ఒక్కొక్కటిగా ఫొటోలు తీసిరి. వారు తీయునాటికి నిలిచియున్న కట్టడములలో పెక్కింటికి నేడు ఆ చిత్రములే ఆనవాళ్లు. మన గోదావరి గట్టు కట్టడములకు ప్రాయము తక్కువ గాదు, కథ తక్కువ గాదు. తక్కువైనది మన చూపు మాత్రమే.

ఇక నదికథకు వత్తము. ఆర్థర్ కాటన్ దొర (1803–1899) ధవళేశ్వరమువద్ద 1847 మొదలు 1852 వఱకు ఆనకట్ట కట్టించి గోదావరి డెల్టాను సస్యశ్యామల మొనరించిన వృత్తాంతము బాలురు సైతము ఎఱుగుదురు. ఆయనకు మఱియొక మనోరథము గలదని యెఱిగినవా రరుదు. రైలుమార్గములకంటె నీటిమార్గములే యీ దేశమునకు చౌకయైనవనియు, మేలైనవనియు ఆయన గట్టిగా నమ్మెను. నదులను, కాలువలను కలిపి పడవలు నడపినచో బియ్యమునుండి పత్తివఱకు సమస్తము స్వల్పవ్యయముతో పోవుననియు, కాలువనీరు పొలములకును బ్రదుకునిచ్చుననియు ఆయన వాదము. ఈ వాదమునకు గోదావరియే మొదటి పరీక్షాస్థలమైనది. వర్ధా, ప్రాణహిత, గోదావరుల వెంబడి పడవలు నడచినచో నాగపుర, బీరారు సీమల పత్తి నేరుగా కాకినాడ రేవునకు చేరును. పేరులోనే పత్తిని మోయు దొర పత్తికొఱకు నదిని బాట చేయబూనుట విధి వినోదమే.

ఆనాటి రాజకీయములు సైతము ఈ తలంపునకు తోడైనవి. 1853లో నిజాము బీరారును ఇంగ్లీషువారి యధీనము చేసెను. అచిరకాలముననే నాగపుర రాజ్యము వారిలో కలిసిపోయెను. ఈ రెండును నల్లరేగడి నేలలు, పత్తికి పుట్టినిండ్లు. 1857లో మాంచెస్టరు వర్తకులు అమెరికా పత్తిపైననే యాధారపడుట యపాయమని పత్తి సరఫరాకై యొక సంఘము నేర్పఱచుకొనిరి. 1860లో నిజాముతో జరిగిన సంధి వలన గోదావరి యెడమగట్టు ప్రాంతములు ఇంగ్లీషువారికి దక్కినవి. నదిపై పోవు సరకులకు సుంకము లేకుండునట్లును నిర్ణయమయ్యెను. నాటినుండి కుడిగట్టు నిజాముది, ఎడమగట్టు దొరలది. మఱుసటి యేడే అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి (1861–65) అచటి పత్తి రాక నిలిచిపోయెను. లంకాషైరు మిల్లులు మూతపడి కూలివారు పస్తులుండిరి. ఇచట బీరారున పత్తి ధర యాకాశమునంటెను. ఎచటనో మిసిసిపీ తీరమున ఫిరంగులు మ్రోగగా ఇచట మన్యపు టడవిలో రాళ్లు కొట్టు సమ్మెటలు మ్రోగినవి. లోకమంతయు నొక్క నూలిపోగున కట్టుబడిన కాలమది.

నది యేమో సులభముగా లొంగునది గాదు. గోదావరి భద్రాచలమునకు ఎగువన మూడుచోటుల రాతిబండలపై విఱిగి పాఱును. వీనికి దొరలు మూడు ప్రతిబంధములని పేరిడిరి. మొదటిది దుమ్ముగూడెమువద్ద, రెండవది ఇంద్రావతీ సంగమ ప్రాంతమందలి ఇచ్చంపల్లివద్ద, మూడవది ప్రాణహితపై దేవలమఱ్ఱివద్ద. వర్షకాలమున వఱదవడి పడవను బండలకు కొట్టును. వేసవిలో బండలనడుమ పడవ తేలుటకు నీరుండదు. కాటను శిష్యవర్గములోని ఫీలిక్స్ హెయిగ్ అను ఇంజనీరు నదిని పరీక్షించి 1856లో నివేదిక సమర్పించెను. తరువాత ఆతని యాజమాన్యముననే దుమ్ముగూడెమువద్ద పని సాగెను.

ఆ పనియొక్క తీరు తెలిసిననే గాని యక్కడి రాళ్ల భాష మనకు తెలియదు. బండలకు ఎగువను నదికడ్డముగా తక్కువ యెత్తు ఆనకట్ట కట్టి నీటిని నిలుపుదురు. ఆ నీటిని గట్టువెంబడి త్రవ్విన కాలువలోనికి మఱలించి, బండలన్నియు దాటిన పిదప మరల నదిలో కలుపుదురు. పడవ నదిని విడిచి కాలువ వెంబడి పోయి, చిక్కుచోటు దాటి, మరల నదిలో దిగును. కాని ఎగువనీటికిని దిగువనీటికిని పెక్కడుగుల ఎత్తు భేదముండును గదా! అందులకే లాకులు. లాకనగా రెండు తలుపుల నడుమ రాతిగోడల తొట్టి. పడవ తొట్టిలోనికి వచ్చిన వెంటనే వెనుక తలుపు మూసి నీటిని మెల్లగా విడుతురు. నీటితోపాటు పడవయు దిగును. నీటిమట్టము దిగువకాలువతో సమమైనప్పుడు ముందుతలుపు తెఱతురు. ఎక్కునప్పుడు ఇదే క్రమము తలక్రిందులు. ఏ యంత్రము లేక, నీటి బరువుతోనే టన్నులకొలది సరకును మెట్లెక్కించు నేర్పిది. కోనసీమ కాలువలలో ప్రయాణము చేసిన పెద్దలకు లాకుతలుపుల చప్పుడు పరిచితమే. ఆ విద్యనే మన్యపు టడవి నడుమకు కొనిపోయిరి.

ఫలితమేమి? మొదటి ప్రతిబంధమువద్ద పనులు చాలవఱకు ముగిసినవి. పైవానివద్ద ముగియనే లేదు. మన్యపు జ్వరము కూలివారిని వెన్నాడెను. అడవిలో పనివారు దొరకుట దుర్లభము. వచ్చినవారు నిలుచుట మఱింత దుర్లభము. వఱద మాసములలో పని సాగదు. ఈలోపల 1865లో అమెరికా యుద్ధము ముగిసెను. పత్తి ధర పడిపోయెను. 1867లో బొంబాయినుండి రైలు నాగపురము చేరెను. బీరారు పత్తికి పడమటి త్రోవ యేర్పడిన పిమ్మట తూర్పున నీటిత్రోవ యెవరికి గావలెను? 1871లో ప్రభుత్వమువారు గోదావరి ఎగువ నౌకామార్గపు పనులను విడిచిపెట్టిరి. దేశ మంతయు ఒక్క ప్రాంతపు లాభనష్టముల లెక్కపై నడచినప్పుడు ఇట్లే యగును. లెక్క మాఱినంతనే నదియు, అడవియు, అందు చెమటోడ్చిన వారును ఆ లెక్కలోనుండి కొట్టివేయబడుదురు.

అయినను రాళ్లు పోలేదు. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని నదికడ్డముగా నున్నది. 1986 ఆగష్టులో భద్రాచలమువద్ద గోదావరి 75 అడుగులు దాటెను. 2022 జూలైలో 71 అడుగులు దాటెను. ఇట్టి ప్రళయవాహినులు తనపై పొర్లిపోయినను ఆ పాతకట్టు నిలిచియున్నది. సమీపమున పర్ణశాల గలదు. సీతారాములు వనవాసమున నివసించిరని భక్తులు నమ్ము ఆ తావునకు ఏటేట వేలకొలది జనులు వచ్చెదరు. సీతమ్మ నారచీర లారవేసిన గుర్తులని బండలపై చారలను చూపుదురు, చూతురు. అచటికి కొలదిదూరముననే నూటయేబది యేండ్లనాడు మన పూర్వులు కొట్టి పేర్చిన రాళ్లను చూచువారు గాని చూపువారు గాని కానరారు. భక్తి తప్పు గాదు. కాని బండపైని చారను చూడగల కన్నులు కూలివాని యులిదెబ్బనేల చూడరాదు?

చూచుటకు గడువు సైతము తఱుగుచున్నది. పాత ఆనకట్టకు కొలది దూరమున దిగువను సీతమ్మసాగరమను బరాజు నిర్మాణమునకు పూనుకొనిరి. ఆనకట్ట నిలిపిన నీటినుండియే సీతారామ యెత్తిపోతల పథకమునకు నీరెత్తుచున్నారు. 2024 ఆగష్టు 15న దాని పంపులు ప్రారంభింపబడినవి. పొలములకు నీరు రావలయును. అందు మాకు సందేహము లేదు. పాతకట్టు నేడు క్రొత్తపనికి అక్కఱకు వచ్చుట కాటను వాదమునకే జయము. కాని బరాజు దిగువను నీటిని నిలిపినచో ఎగువ రాళ్లు మునుగుట సహజము. మునుగుటకు ముందే వాని రూపము గ్రహించియుంచుకొనుటకు ఏ పథకమును అడ్డురాదు. ఇక ఇచ్చంపల్లి సంగతి. 1980లో గోదావరి జలవివాద న్యాయస్థానపు తీర్పులోనికి ఆ పేరు క్రొత్త ఆనకట్ట ప్రస్తావనతో ఎక్కినది. ఆనకట్ట మాత్రము లేవలేదు. ఒకే చోటు రెండు శతాబ్దములలో రెండుసార్లు కాగితములపై వెలసి, నీటిపై నిలువకపోవుట చరిత్రకారునికి ఆలోచింపదగిన విషయము.

నదినుండి పట్టణమునకు వత్తము. ఇచటికిని మనలను కొనివచ్చునది ఆ పత్తియే. నీటిబాటను ఓడించిన రైలు నిజాము రాష్ట్రమునకును వచ్చెను. 1874లో వాడి నుండి సికిందరాబాదునకును, 1889 నాటికి ఓరుగల్లు మీదుగా బెజవాడకును మార్గము పూర్తియయ్యెను. పత్తి పండు నల్లనేలయు, రైలును, నేతపని యెఱిగిన జనమును ఒక్కచోట కూడిన ఓరుగంటియందు బట్టలమిల్లు వెలయుట సహజము. నిజాము ప్రభుత్వమువారు పరిశ్రమల ప్రోత్సాహమునకై 1929లో ప్రత్యేకనిధి నొకదాని నేర్పఱచిరి. 1934లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ ఆలీఖాను తన కుమారుని పేర ఇచట ఆజంజాహీ మిల్లును స్థాపించెను. గోదావరి తీరమందే నాందేడున ఉస్మాన్‌షాహీ మిల్లు వెలసినది. ఇట్లు నదీతీరపు పత్తి నదీతీరముననే నూలుగా మాఱు కాలము వచ్చినది.

ఈ మిల్లు పట్టణపు కాలమానమునే మార్చినది. అంతవఱకు ఓరుగంటిలో ప్రొద్దును తెలుపునవి కోడికూత, గుడిగంట, అజాను. మిల్లుకూత వచ్చిన పిమ్మట ఇంటి యిల్లాలు పొయ్యి వెలిగించు వేళయు, అంగడివాడు తలుపు తెఱచు వేళయు దానినిబట్టి నిర్ణయమయ్యెను. పల్లెలో వేర్వేఱు వాడల నుండినవారు ఇచట ఒకే మగ్గముల వరుసలో నిలిచిరి. కులమునుబట్టి వృత్తి యను కట్టుబాటునకు మిల్లుగేటు ఒక పెద్ద గండి కొట్టినది. సంఘసంస్కారముపై మన మెన్ని ఉపన్యాసము లిచ్చినను, ఒకే కొళాయి నీరు త్రాగి, ఒకే గంటకు పనిదిగు జీవితము నేర్పిన పాఠము వేఱు. కార్మికసంఘములు పుట్టినవి, హక్కు, సమ్మె, బోనసు అను మాటలు పట్టణపు భాషలో కలిసినవి. ఇవి యన్నియు ఏ శాసనమునందును చెక్కబడలేదు. ఆ గోడలే వానికి శాసనములు.

ఆ గోడలు నేడు లేవు. స్వాతంత్ర్యానంతరము మిల్లు జాతీయ వస్త్రసంస్థ పాలనలోనికి వచ్చెను. యంత్రములు పాతబడినవి, పవర్‌లూముల పోటీయు, నష్టములును పెరిగినవి. గడచిన శతాబ్దపు చివరి దశాబ్దమున మిల్లు క్షీణించెను. ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున కట్టడములు సైతము కూలగొట్టబడి, నేల చాలవఱకు ఇండ్లస్థలములైనది. ఆ సంధికాలముననే, 1997–98లో, ఓరుగంటి పల్లెలలో పత్తిరైతులు లద్దెపురుగుచేతను, నకిలీ మందులచేతను, అప్పులచేతను కుమిలి ప్రాణములు తీసికొనిరి. పత్తిని నూలుగా మార్చు మిల్లు ఒకవంక ఆఱిపోవుచుండగా పత్తిని పండించు నింట దీపము మఱియొకవంక ఆఱినది. ఈ రెంటిని కలిపి చూచువాడే చరిత్రకారుడు. 2017లో గీసుగొండ, సంగెము మండలముల సరిహద్దున కాకతీయ మెగా జౌళిపార్కునకు శంకుస్థాపన జరిగినది. అది వర్ధిల్లుగాక! కాని క్రొత్తమిల్లులో చేరు బాలునకు పాతమిల్లు ఎట్లుండెనో చూపుటకు మనయొద్ద నేమున్నది?

చట్టము మనకు తోడ్పడదా యని కొంద ఱడుగవచ్చును. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టము ప్రకారము కనీసము నూఱేండ్లు నిండిన కట్టడమే ప్రాచీన కట్టడము. దేవాలయమునకు నూఱేండ్లు బాల్యము. కార్ఖానాకు నూఱేండ్లు దుర్లభమైన ఆయుర్దాయము. లాభమున్నంత కాలము గోడలను మార్చి కట్టుదురు. లాభము పోయిననాడు ఇనుమును తూకమునకును, నేలను గజములకును అమ్ముదురు. 1934లో పుట్టిన మిల్లు ఎనుబదియేండ్లయినను నిండకయే నేలమట్టమైనది. చట్టపు రక్ష దానిని చేరులోపలనే సుత్తి చేరినది. కావున ప్రభుత్వ రక్షణ వచ్చులోపల చేయదగిన పని యొక్కటే. అది నకలు తీయుట.

శాసనములకు నకలు తీయుట మనవారికి క్రొత్త గాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి స్మృత్యర్థము హైదరాబాదున వెలసిన పరిశోధకమండలివారు పల్లెపల్లెకు తిరిగి, రాళ్లపై తడికాగితము లద్ది, సిరాతో అచ్చుదీసి, 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించిరి. నాడు వారు నకలు తీసియుండనిచో రాయి పగిలిన దినముననే చరిత్రయు పగిలియుండెడిది. పనిచోటుల శిథిలములకు అట్టి తడికాగితము ఛాయాచిత్రమే. మన దేశమున ఈ విద్యకు మొదటి పేరు గడించినవారిలో లాలా దీనదయాళు (1844–1905) ముఖ్యుడు. ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, మరామతు శాఖలో కొలువు చేసి, పిమ్మట ఆఱవ నిజాము మహబూబు ఆలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడాయెను. కట్టడమెట్లు నిలుచునో తెలిసినవాడు గనుకనే ఆయన చిత్రములలో కట్టడములు నిటారుగా నిలుచును. రాజుల దర్బారులనే గాక కఱవు పనులను సైతము ఆయన చిత్రించెను.

దుమ్ముగూడెమున పనులు జరుగునాడు ఫొటో తీయుట యెంత కష్టమో తలంచుడు. గాజుపలకకు మందు పూసి, తడి ఆఱకమునుపే చిత్రము తీసి, ఆ చోటనే చీకటి గుడారములో కడుగవలెను. ఎండలో మందు ఆఱిపోవును. పెట్టెలు మోయుటకు కూలివాండ్రు వలయును. పొడిపలక పద్ధతిని మాడాక్సు అను ఇంగ్లీషు వైద్యుడు ప్రకటించినది 1871లో, అనగా గోదావరి పనులు విడిచిపెట్టిన యేటనే. నేడు ప్రతి గృహస్థుని జేబులోను కెమెరా గలదు. విందునాటి విస్తరియు, పిల్లి యావులింతయు దినమునకు వేలకొలదిగా చిత్రితమగుచున్నవి. సాధనము చౌకయైనది, సంకల్పమే ప్రియమైనది.

ఇట్టి చిత్రములకు శరత్కాలమే తగిన తఱి యని మా యనుభవము. శ్రావణ భాద్రపదములలో గోదావరి యెఱ్ఱని వఱదతో కట్టును కప్పివేయును. అగస్త్యోదయముతో నీరు తేరునని మన పెద్దలమాట. ఆశ్వయుజ కార్తికములలో వఱద తీసి, నీరు తేటవడి, రాతివరుసలు మెల్లగా బయటపడును. వానలు ధూళిని కడిగివేయుటచే దూరపు గట్టు సైతము స్పష్టముగా కానవచ్చును. సూర్యుడు దక్షిణమునకు ఒఱగియుండుటచే వెలుగు ఏటవాలుగా పడి ఉలిదెబ్బల గుంటలను, సున్నపు అతుకులను నీడలతో ఎత్తి చూపును. వేసవి నడుమ తలపై నిలుచు సూర్యునికి ఆ గుణము లేదు. ఈ మాసములలోనే తంగేడు, గునుగు పూచును. పాడుదిబ్బలపై వెలసిన గునుగును కోసికొనిపోయి మన యాడుపడుచులు బతుకమ్మ పేర్తురు. ఈ మాసములలోనే చేలలో పత్తికాయ విచ్చును. కొన్నివారములకే ఎనుమాముల మార్కెట్టున బస్తాల బండ్లు వరుసలు దీరును. శిథిలమునకు కారణమైన పంటయు, శిథిలమును ఒకే ఋతువున కనబడుట చిత్రకారునకు లభించు భాగ్యము.

అయితే అందమైన చిత్రము వేఱు, నకలు వేఱు. నకలునకు కొన్ని నియమములు గలవు. కట్టడమును నాలుగు దిక్కులనుండియు తీయవలెను. మొదట దూరమునుండి, పిదప దగ్గఱనుండి. రాతి కొలత తెలియుటకై ప్రక్కన ఒక కొలకఱ్ఱను నిలుపవలెను. లాకుగోడ, తలుపు తిరుగు గుంట, మోకు రాచి అరగిన అంచు, అతుకులలోని సున్నము, ఇనుపకడియము ఇట్టివి వేఱువేఱుగా తీయవలెను. ప్రతి చిత్రమునకు స్థలము, తేది, వేళ, ఏ దిక్కునకు మొగమై తీసినది, నీటిమట్టమెట్లున్నది వ్రాయవలెను. ఏటేట ఆ చోటనే నిలిచి ఆ దిక్కుననే తీసినచో పదియేండ్లకు ఆ వరుసయే ఒక చరిత్రగ్రంథమగును. గోడలపై పేర్లు గీయుట, రాయి యూడదీసికొనిపోవుట మహాపరాధములు. ఎగువ తూములు విడిచినచో నీరు చెప్పకయే పెరుగును గనుక నది నడుమకు బాలురను కొనిపోరాదు. స్థానికుల మాట వినకుండ అడుగు వేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి గలదు. బెహెర్ దంపతులు తమ చిత్రములలో మనుష్యులకు తావీయలేదు. కట్టడపు రూపము నిర్మలముగా కనబడవలెనని వారి మతము. ఆ శాస్త్రదృష్టిని మేము గౌరవింతుము. కాని మన చోటులకు అది చాలదని మా యభిప్రాయము. పాడుగోడపై పాకిన తీగను, విఱిగిన కిటికీలోని సంధ్యారాగమును చూచి పరవశించువారు కొందఱు గలరు. ఆ గోడ కూలినప్పుడు ఎవని జీతము కూలినదో తెలియనిచో ఆ పరవశము కఠినహృదయమునకు అలంకారమే యగును. కావున గోడప్రక్కన మనుష్యుని నిలుపవలెను. నదివద్ద ఆ గట్టున బ్రదుకు కోయలను, చేపలుపట్టువారిని, లాకులపై తాతలు చెప్పిన మాటలు వినియున్న వృద్ధులను అడిగి, వారు సమ్మతించినచో వారి రూపమును, మాటను గ్రహింపవలెను. ఓరుగంటిలో మిల్లు లేదు గాని మిల్లున పనిచేసినవారు కొందఱింకను గలరు. వారి యిండ్లలో పెండ్లి ఫొటోల వెనుకను, పాతపెట్టెల యడుగునను, మిల్లుగేటు ముందు నిలిచి తీయించుకొన్న చిత్రము, హాజరుబిళ్ల, జీతపు చీటి, దసరా బోనసుతో కొన్న గడియారము ఉండవచ్చును. కూలిన మిల్లునకు మిగిలిన శిథిలములు అవియే. నది గట్టున కెమెరా రాయికి గుఱిపెట్టవలెను. పట్టణమున కెమెరా పాతఫొటోకు గుఱిపెట్టవలెను.

ఈ పనికి ధనికుల చందాలు గాని ప్రభుత్వపు ఉత్తరువులు గాని యవసరము లేదు. హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో పుట్టినది. మన పెద్దలు చదువుకొనుటకు తెలుగు పుస్తకము దొరకుట కష్టమైన కాలమున దానిని నెలకొల్పిరి. అట్టి గ్రంథాలయములలో ఒక్కొక్క బీరువా ఇట్టి చిత్రములకు కేటాయింపవచ్చును. ఉన్నతపాఠశాలలలో చరిత్ర బోధించువారు దసరా సెలవులలో విద్యార్థులకు ఒక్క పని యీయవచ్చును: తమ యింటిలోనో, వీధిలోనో పనిచేసి విరమించినవా రొకరితో మాటాడి, వారు పనిచేసిన చోటి చిత్రమొకటి సంపాదించి, దాని వెనుక పది పంక్తులు వ్రాయుట. కాకతీయుల వంశవృక్షము వల్లించు బాలుడు తన తాత యే మగ్గముమీద పనిచేసెనో చెప్పలేకపోవుట మన చదువునకు కొఱత. గృహిణులు చేయదగిన పనియు గలదు. పాతకాగితములను సంక్రాంతి దులుపులో పాఱవేయుటకు ముందు ఒక్కసారి చూచి, చిత్రములపై పేర్లను వ్రాయించుట. వ్రాయగలవారు పోయినతరువాత ముఖములు మిగులును గాని పేర్లు మిగులవు.

కాకతీయుల రాళ్లను మనము కాపాడుకొనుచున్నాము. అందు చెక్కిన శిల్పి పేరు మనకు తెలియదని యప్పుడప్పుడు విచారింతుము. గోదావరిలో లాకుఱాయి నిలిపిన కూలివాని పేరును మనము పోగొట్టుకొంటిమి. మిల్లున నూలుతీసినవారి పేర్లు మాత్ర మింకను మన వీధులలో సజీవముగా నున్నవి. రాబోవు శరత్తున నీరు తేరిన పిమ్మట కెమెరా చేతబట్టి గోదావరికి పోవువారు పోవుదురుగాక. పోజాలనివారు ఆ దినముననే లేబరు కాలనీ వీధిలో ఒక్క తలుపు తట్టుదురుగాక. రెండు దారులును ఒకే పత్తిబాటకు చేరును.